చింతపండు బదులు ఏ పులుపు? ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి?

కొత్తకాపురం:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఒకరికి చింతపండు పడదు, పూర్తిగా మానేయాలి. నలుగురికి సరిపడే పప్పుచారు, పులిహోర, పచ్చిపులుసు, చేపల పులుసు, గుత్తివంకాయ పులుసు కూర - ఈ ఐదింటికి బదులుగా ఏం వేయాలో కొలతలతో చెప్పగలరా? "రుచికి తగినంత" అంటే నాకు అంచనా అందడం లేదు. పప్పుచారులో నిమ్మరసం పోసి మరిగిస్తే చేదొచ్చింది. మామిడికాయ ముక్కలు కందిపప్పుతో కలిపి కుక్కర్లో పెడితే ఐదు విజిల్స్ వచ్చినా పప్పు పలుకుగానే ఉండిపోయింది. తప్పు ఎక్కడ జరుగుతోంది?

ఇంగువడబ్బా:
ముందు చింతపండుకి ఒక లెక్క పెట్టుకుందాం, లేకపోతే దేనికి బదులు ఎంతో తేలదు. పెద్దవాళ్లు "నిమ్మకాయంత" అంటే గింజా పీచూ తీసింది 25 నుంచి 30 గ్రాములు. "ఉసిరికాయంత" అంటే 10, 12 గ్రాములు. నలుగురి పప్పుచారుకి (కందిపప్పు 100 గ్రాములు, నీళ్లు సుమారు లీటరు) నిమ్మకాయంత పడుతుంది.

ఇక మీ పప్పు ఉడకకపోవడం. పులుపు తగిలితే పప్పు గింజ కణాల గోడల్లో ఉండే పెక్టిన్ అనే జిగురు పదార్థం కరగకుండా గట్టిగా పట్టుకుంటుంది. పప్పు బద్ద మెత్తబడటమంటే ఆ పెక్టిన్ కరగడమే. అందుకే మన ఇళ్లలో ముందు పసుపు, చుక్క నూనె వేసి పప్పు ఉడికించి, ఎనిపి, ఆ తర్వాతే పులుసు పోస్తారు. బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండే ఊళ్లలో ఇది ఇంకా ఎక్కువ. మామిడికాయ ముక్కలు అదే కుక్కర్లో పెట్టుకోవచ్చు, కానీ పప్పు మీద వేరే చిన్న గిన్నెలో. ముక్కల నీళ్లు పప్పులో కలవకూడదు, అంతే.

మామిడికాయతో పప్పుచారు: గట్టి పుల్లటి కాయ 150 గ్రాములు, చెక్కు తీసి ముక్కలు. టెంక ఉన్నా పడేయకండి, దాని చుట్టూ ఉన్న కండలోనే పులుపు బాగా ఉంటుంది, చారులో వేసి మరిగించి చివర తీసేయండి. పప్పు ఎనిపాక ముక్కలు, ఉప్పు, రెండు పచ్చిమిరపకాయలు వేసి 10 నిమిషాలు మరగాలి.

టమాటాతో అయితే నాటు టమాటా 400 గ్రాములు. గట్టి తోలుండే హైబ్రిడ్ కాయలు పులుపు కంటే తీపి ఎక్కువ. అవే దొరికితే 300 గ్రాములు వేసి, పొయ్యి కట్టేశాక ఒక కాయ నిమ్మరసం పిండండి. చుక్కకూర పెద్ద కట్ట ఒకటైనా సరిపోతుంది, రంగు మాత్రం మట్టి రంగుకి తిరుగుతుంది.

కరివేపరెమ్మ:
నిమ్మరసం మరిగితే పులుపు ఎగిరిపోతుంది కాబట్టి రెట్టింపు పోసుకుంటే సరిపోతుందని అంటారు కదా?

ఇంగువడబ్బా:
పులుపు ఎగిరిపోదండీ. నిమ్మలో ఉన్న సిట్రిక్ ఆమ్లం మరుగుతున్న నీళ్ల వేడికి ఆవిరయ్యేది కాదు. పోయేది వాసన. నిమ్మ అంటే సగం వాసనే కాబట్టి అది పోగానే పులుపు తగ్గినట్టు నాలుక్కి తోస్తుంది. రెట్టింపు పోస్తే పులుపు మితిమీరి, పైన చేదు కూడా చేరుతుంది. ఆ చేదు గింజల్లోంచి, తొక్క కింది తెల్లటి పొరలోంచి వస్తుంది. గట్టిగా పిసికి, గింజలు పడ్డ రసాన్ని కాచితే కాసేపటికి బయటపడుతుంది. పొయ్యి కట్టేసి, మరుగు ఆగి, గరిటె తిప్పితే ఆవిరి మాత్రం వచ్చే వేడిలో నిమ్మరసం పోయాలి. వడకట్టి పోస్తే ఇంకా మంచిది. ఆ తర్వాత మళ్లీ వేడి చేయకండి.

రాతిచిప్ప:
పులిహోర సంగతి నేను చెబుతాను. గ్లాసు బియ్యం అంటే 200 గ్రాములకి లెక్క.

నిమ్మకాయ: మధ్యరకం కాయలు 2, బాగా పండి రసం ఉన్నవి, మొత్తం 40 మిల్లీలీటర్ల వరకు. అన్నం పొడిపొడిగా వండి పళ్లెంలో పరిచి, పసుపు, ఉప్పు, రెండు చెంచాల పచ్చినూనె పట్టించి ఆరనివ్వండి. పోపు విడిగా వేయించి అన్నంలో కలిపాక చిట్టచివర నిమ్మరసం. చాలామంది బాణలిలో పోపు చిటపటలాడుతుండగానే రసం పోస్తారు, చేదు పట్టుకునేది అక్కడే. ఉప్పు చింతపండు పులిహోరకి వేసేదాని కన్నా చిటికెడు ఎక్కువ పడుతుంది.

మామిడికాయ: తురుము ముప్పావు కప్పు. దాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగం పోపులో నిమిషం మగ్గనిచ్చి, రెండో భాగం పచ్చిగానే అన్నంలో కలపండి. మొత్తం మగ్గపెడితే ముద్దయిపోతుంది, మొత్తం పచ్చిగా వేస్తే అన్నానికి పులుపు పట్టదు, తురుము తగిలిన చోటే పుల్లగా ఉంటుంది. ఆవపిండి ఇష్టమైతే అర చెంచా ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, కొంచెం ఉప్పు నూరి ఆరిన అన్నంలో కలపండి. వేడి తగిలితే ఆవఘాటు పోతుంది.

దబ్బకాయ: సగం కాయ రసం చాలు. పిండేటప్పుడు తొక్క వరకూ నలపకూడదు. తొనల మధ్య పొర కూడా చేదే.

ఉసిరికాయ: కార్తీకంలో దొరికే పెద్ద కాయలు 5, తురిమి పోపులో 3, 4 నిమిషాలు వేయించాలి. ఉసిరిలో పులుపుతో పాటు వగరు ఉంటుంది, నూనెలో వేగితే వగరు కొంత దిగుతుంది. అయినా పులుపు చాలదనిపిస్తే అర చెక్క నిమ్మ. ఒక ముఖ్యమైన మాట: ఉసిరిని ఇనుప బాణలిలో వేయకండి. వగరుకి కారణమైన టానిన్లు ఇనుముతో కలిసి సిరా రంగు వస్తుంది, అన్నం మొత్తం బూడిద రంగుకి తిరుగుతుంది. ఏ పులుపుకైనా స్టీలు, మట్టి, రాతిచిప్ప మంచివి. కళాయి లేని ఇత్తడి గిన్నె, రాగి గిన్నె అసలు వద్దు. పులుపుకి రాగి కరిగి కూరలో దిగుతుంది, తింటే వాంతులవుతాయి.

ఇంకొకటి, వీటిలో ఏదీ చింతపండు పులిహోరలా మర్నాటికి నిలవ ఉండదు. చింతపండు పులుసు నూనె తేలేదాకా ఉడికి, నీరంతా ఇగిరిపోయి ఉంటుంది. నిమ్మ, మామిడి పచ్చి తడితో ఉన్నవి. పొద్దున కలిపితే మధ్యాహ్నానికి తినేయాలి. ప్రయాణానికి కట్టుకెళ్లొద్దు.

న్యూజెర్సీగడప:
అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక సవరణ. ఇక్కడ "లెమన్" అని అమ్మే పసుపుపచ్చ కాయ మన నిమ్మకాయ కాదు, పెద్దది. ఒక్క కాయలో 40, 45 మిల్లీలీటర్లు వస్తుంది. వంటల్లో "2 నిమ్మకాయలు" అని ఉంటే ఆ కాయ ఒకటే చాలు. పచ్చగా ఉండే "లైమ్" వాసనలో మన నిమ్మకి దగ్గర.

ఇక్కడ చింతపండుకి, మామిడికాయకి కూడా నేను చెప్పగలిగే మంచి బదులు ఎర్రటి పుల్లటి చిన్న కాయ క్రాన్‌బెర్రీ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తాజావి సంచుల్లో వస్తాయి. కడిగి, తుడిచి ఫ్రీజర్లో పెట్టుకుంటే ఏడాదంతా వాడుకోవచ్చు, కరగబెట్టకుండా నేరుగా వేయాలి. 100 గ్రాముల కందిపప్పుకి 100 గ్రాములు. పోపులో వేసి మూతపెడితే 4 నిమిషాల్లో టపటపా పగులుతాయి. సగం పగిలాక ఉడికిన పప్పు కలపండి. పులుపుతో పాటు కొంచెం చేదు, వగరు ఉంటాయి, సెనగగింజంత బెల్లం పడితే సర్దుకుంటాయి. పప్పు రంగు పసుపు, గులాబీ కలిసినట్టు వస్తుంది, అది పాడైనట్టు కాదు. పులిహోరకైతే గ్లాసు బియ్యానికి ముప్పావు కప్పు కాయలు పచ్చిమిర్చితో మెత్తబడేదాకా మగ్గించి, ఎనిపి కలుపుకోండి. ఎండబెట్టి డబ్బాల్లో అమ్మేవి చక్కెర పట్టించినవి, వాటితో పని జరగదు.

కరివేపరెమ్మ:
క్రాన్‌బెర్రీ పచ్చడి చల్లారాక జెల్లీలా గడ్డకడుతోంది. ఎందుకు?

న్యూజెర్సీగడప:
ఆ కాయల్లో పెక్టిన్ బాగా ఎక్కువ. పులుపు, తీపి, వేడి కలిస్తే జామ్ ఎలా గడ్డకడుతుందో ఇదీ అంతే. బెల్లం తగ్గించండి, కాయలు పగలగానే దింపేయండి, 10 నిమిషాలు ఉడకనివ్వొద్దు. గడ్డకట్టేసి ఉంటే రెండు చెంచాల వేడినీళ్లు పోసి కలిపితే విడుతుంది.

పాలమూరు:
పచ్చిపులుసు గురించి ఎవరూ చెప్తలేరు గదా, అందుకే రాస్తున్న. మా తెలంగాణ దిక్కు పచ్చిపులుసును పొయ్యి మీద పెట్టరు. అందుకే చింతపండు బదులు నిమ్మకాయ మంచిగ కుదిరేది దీంట్లనే. మరిగించేది లేదు కాబట్టి చేదు రాదు, వాసన ఎటూ పోదు.

నీళ్లు 600 మిల్లీలీటర్లు, 2 నిమ్మకాయల రసం. పచ్చిమిరపకాయలు 4 మంట మీద కాల్చాలె, తోలు అక్కడక్కడ నల్లగ కావాలె. వాటిని ఉప్పు, అర చెంచా జీలకర్ర, పెద్ద ఉల్లిగడ్డ సన్నగ తరిగింది, కొత్తిమీర, అన్నీ చేతితోని గట్టిగ పిసికి నీళ్లల్ల కలపాలె. ఉల్లిగడ్డ పిసికితేనే దాని రసం పులుసుల దిగుతది. బెల్లం 1 టేబుల్ స్పూను. వేయించిన నువ్వుల పొడి 2 టేబుల్ స్పూన్లు. చింతపండుల ఉండే చిక్కదనం నిమ్మరసంల ఉండదు, ఆ లోటును నువ్వుల పొడి తీరుస్తది, కాబట్టి దాన్ని తగ్గించకుండ్రి. ఆఖరుకు ఎండుమిర్చి, ఆవాలు, కరివేపాకు పోపు, అది కొంచెం ఆరినంక పోయాలె.

ఎండకాలం అయితే మామిడికాయ. ఒక కాయను నిప్పుల మీద కాల్చుండ్రి, లేకుంటే ఉడకబెట్టుండ్రి. గుజ్జు పిసికి వడగట్టి అదే కొలతతోని కలపాలె. నిమ్మకాయ దానికన్న ఇది చిక్కగుంటది.

ఇంకో ముచ్చట. చింతచిగురు, చింతకాయ తొక్కు ఇవన్నీ ఆ చెట్టువే. చింతపండు పడనివాళ్లకు అవి పెట్టే ముందు డాక్టర్‌ను అడగాలె. పుంటికూర వేరే, దానితోని భయం లేదు. మా దిక్కు పుంటికూర అంటం, ఆంధ్రల గోంగూర అంటరు. ఎర్రకాడది పులుపు ఎక్కువ, తెల్లకాడది తక్కువ. 100 గ్రాముల పప్పుకు ఎర్రకాడ పుంటికూర ఆకు 100 గ్రాములు చాలు, తెల్లకాడది 150 దాకా కావాలె.

లెస్టర్‌వంటిల్లు:
ఇంగ్లండ్‌లో గోంగూర అన్ని వేళలా దొరకదు. దానికి బదులు నాకు నమ్మకమైనవి రెండు: సోరెల్ ఆకు, రూబార్బ్ కాడ.

సోరెల్ మన చుక్కకూరకి దగ్గరి చుట్టం. 100 గ్రాముల పప్పుకి 120 గ్రాముల ఆకు. వేడి నూనెలో పడగానే పచ్చదనం పోయి ముదురాకు రంగు వచ్చేస్తుంది. పులుపుకి ఆకుపచ్చ రంగు నిలవదు, ఎంత జాగ్రత్తపడినా ఇంతే. పచ్చడికైతే గోంగూర కన్నా నీరెక్కువ, అందుకని మూత పెట్టకుండా నీరు ఇగిరి, నూనె కనబడేదాకా వేయించాలి. లేకపోతే పచ్చడి పలచబడి రెండో రోజుకే పులిసిపోతుంది.

రూబార్బ్‌లో కాడ మాత్రమే వాడాలి. ఆకు విషం, ముక్క కూడా పడకూడదు. కాడలు అంగుళం ముక్కలు చేసి 100 గ్రాముల పప్పుకి 150 గ్రాములు, ఉడికిన పప్పులో వేసి 6 నిమిషాలు. కాడ లావుగా ఉంటే పైన పీచు లాగేయండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా బయట మళ్లలో పండినవి చవక. గులాబీ రంగు లేత కాడలు అంతకు ముందే వస్తాయి గానీ ఖరీదు.

సోరెల్, చుక్కకూర, రూబార్బ్ మూడిట్లోనూ ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. కిడ్నీలో రాళ్లున్న వాళ్లకి ఇవి వండకండి.

గోదారిగట్టు:
చేపల పులుసుకి వద్దామండీ. అన్నిట్లోకీ కష్టం ఇదే. చింతపండు పులుసులో పులుపొకటే కాదు, చిక్కదనం, రంగు, నీచు తగ్గించే గుణం, మర్నాటికి రుచి ముదరడం, ఇవన్నీ కలిసి ఉంటాయి. ఒక్క వస్తువుతో అవన్నీ రావు. నిమ్మ పనికిరాదు, టమాటా ఒక్కటే వేస్తే తియ్యకూరలా ఉంటుంది.

అరకేజీ చేపకి 45 గ్రాముల చింతపండు పడేచోట ఇలా చేయండి: పుల్లమామిడికాయ 200 గ్రాములు, నాటు టమాటా 2. మామిడికాయలో సగం తురిమి, సగం వేలెడు ముక్కలు కోయండి. ఉల్లిపాయ ముద్ద ఎర్రగా వేగాక టమాటా, మామిడి తురుము వేసి నూనె తేలేదాకా మగ్గించాలి. చిక్కదనం ఇక్కడ వస్తుంది. కారం, ఉప్పు, ధనియాల పొడి వేసి, అరలీటరు నీళ్లు పోసి 10 నిమిషాలు మరిగాక చేప ముక్కలు, మామిడి ముక్కలు ఒకేసారి దించండి. ఇంక గరిటె పెట్టకూడదు, గిన్నె చెవులు పట్టుకుని తిప్పాలి. 8 నుంచి 10 నిమిషాలు. వంజరం, బొచ్చె, కొరమేను దేనికైనా ఇదే. నెత్తళ్లకి, రొయ్యలకి 5 నిమిషాలు చాలు.

మామిడికాయలు లేని నెలల్లో కేరళ వాళ్ల కుడంపులి తెప్పించుకోండి, నల్లగా, పొగవాసనతో ఉండే ఎండు తొనలు. అరకేజీకి 3 తొనలు, వేడినీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి నీళ్లతో సహా వేయాలి. తినేముందు తొనలు తీసేయండి, అలాగే వదిలేస్తే రాత్రికి పులుపు మితిమీరుతుంది. రుచి మన పులుసులా ఉండదు, కానీ మర్నాటికి బాగుపడే గుణం దీనికీ ఉంది.

వానాకాలంలో వాక్కాయలు దొరికితే వదలకండి. చేపకి కాదు, పప్పుకి. 100 గ్రాముల పప్పుకి 10 కాయలు. వేళ్లకి నూనె రాసుకుని రెండుగా కోసి, గింజ తీసి, పాలు పోయేదాకా ఉప్పునీళ్లలో రెండుసార్లు కడగాలి. పాలు పోకపోతే పప్పు జిగురుగా, వగరుగా ఉంటుంది.

కొత్తకాపురం:
అందరికీ చాలా థాంక్స్. పప్పు మీద వేరే గిన్నె పెట్టడంతో పప్పుచారు కుదిరింది. రెండు అనుమానాలు. ఆమ్‌చూర్ పొడి (ఎండు మామిడికాయ పొడి) దేంట్లో వేసుకోవచ్చు? గ్రానీ స్మిత్ అనే ఆకుపచ్చటి పుల్ల ఆపిల్ మామిడికాయకి బదులవుతుందని, దానితో ఆవకాయ కూడా పెట్టొచ్చని విన్నాను. నిజమేనా?

ఇంగువడబ్బా:
ఆమ్‌చూర్ వేపుళ్లకి, కూరే పొళ్లకి. పావుకేజీ కూరకి అర టీస్పూను, దింపే ముందు. బెండకాయ వేపుడులో చాలా బాగుంటుంది. చారులో, పులుసులో వేయకండి, కరగదు, అడుగున గరుకుగా మిగులుతుంది.

ఆపిల్ పప్పుకి సరే. ఒక కాయ తొక్కతోనే ముక్కలు చేసి వేసి, దింపాక టేబుల్ స్పూను నిమ్మరసం. దాని పులుపు మన మామిడిలో సగం కూడా ఉండదు.

రాతిచిప్ప:
ఆవకాయకి మాత్రం వద్దు. ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం. ఆవకాయ ఏడాది నిలవ ఉండేది కాయ పులుపు, ఉప్పు, ఆవపిండి, నూనె ఇవన్నీ లెక్కగా ఉంటేనే. పులుపు తక్కువ, నీరెక్కువ ఉన్న ఆపిల్‌తో పెట్టి బయట ఉంచితే బూజు పడుతుంది. బూజు కనబడకపోయినా లోపల పాడవ్వచ్చు. కావాలంటే ఒకటి రెండు కాయలతో అప్పటికప్పుడు తినే పచ్చడిగా కలుపుకుని, ఫ్రిజ్‌లో పెట్టి వారంలో ముగించండి. నిలవ పచ్చడి కొలతల్లో కాయని మార్చకూడదు.

న్యూజెర్సీగడప:
ఆపిల్ ఆవకాయ నేను రెండు వారాలు అనుకునేదాన్ని. రాతిచిప్ప గారు చెప్పిన వారమే మంచిది, ముక్క కూడా ఆ తర్వాత మెత్తబడిపోతుంది.

కొత్తకాపురం:
ఇక గుత్తివంకాయ ఒక్కటే మిగిలింది. పెరుగు వేయొచ్చా? అలాగే పులుపు ఎక్కువైతే వంటసోడా వేస్తే తగ్గుతుందా?

గోదారిగట్టు:
సోడా వద్దమ్మా. నురగ వస్తుంది, పులుపు విరుగుతుంది, కానీ సబ్బులాంటి ఉప్పన మిగులుతుంది. పప్పుచారుకైతే ఉడికిన పప్పు ఇంకో గరిటె, కూరకైతే కొబ్బరి ముద్ద, రెంటికీ కాస్త బెల్లం.

పెరుగు వేయొచ్చు కానీ నేనైతే ఆమ్‌చూర్, టమాటా కలిపి వేస్తాను. ఎందుకంటే పెరుగు వేడికి విరుగుతుంది. విరగకుండా ఉండాలంటే 100 మిల్లీలీటర్ల పుల్లపెరుగులో టీస్పూను సెనగపిండి కలిపి గిలకొట్టి, సన్నమంట మీద తిప్పుతూ పోయాలి, తెర్లనివ్వకూడదు. మజ్జిగపులుసుకి సెనగపిండి వేసేదీ ఇందుకే. గుత్తివంకాయ అంతసేపు తెర్లకుండా మగ్గడం కష్టం.

అరకేజీ లేత వంకాయలకి: వేయించిన పల్లీలు 3 టేబుల్ స్పూన్లు, నువ్వులు 2, ఎండుకొబ్బరి 2, ధనియాలు 1, కారం, ఉప్పు, ఆమ్‌చూర్ 2 టీస్పూన్లు, కొంచెం బెల్లం, అన్నీ నూరుకోండి. నువ్వుల ముద్దలో ఆమ్‌చూర్ గరుకు తెలియదు. కాయలు గుత్తిగా కోసి ఉప్పునీళ్లలో వేయండి, లేకపోతే నల్లబడతాయి. పప్పుకి చెప్పిన సంగతి వంకాయకీ వర్తిస్తుంది, పులుపు ముందు తగిలితే కాయ మెత్తబడదు. అందుకని కూరకుండానే ఉత్తకాయల్ని నూనెలో ముప్పావు వంతు మగ్గించి, ఆరాక కూరాలి. అదే నూనెలో 2 టమాటాల గుజ్జు పచ్చివాసన పోయేదాకా వేయించి, మిగిలిన ముద్ద, గ్లాసు నీళ్లు కలిపి తెర్లాక కాయలు పరచండి. మూతపెట్టి సన్నమంట మీద 8 నిమిషాలు, మధ్యలో ఒక్కసారి ఒడుపుగా తిరగేయండి. అంచుల్లో నూనె తేలాక పొయ్యి కట్టేసి, పావుగంట ముట్టుకోకుండా ఉంచండి. ముద్దలోని పులుపు కాయలోకి దిగేది ఆ పావుగంటలోనే.